కాకిని తోలిన పిల్ల

మా వేదవతక్క చిన్నకూతురు లాస్యకు దయ్యం కథల పిచ్చి. ఆ పిచ్చి అంటించింది పెద్దది కౌముది. రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. శనివారం రైలు మారి బాపట్లలో ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టేది.

తీరా చూస్తే ఏ కథలోనూ దయ్యం ఉండేది కాదు. కాలవగట్టు మీద తెల్లచీర కట్టుకుని నిలబడ్డ ఆడది ఆఖరికి ఎవరో ఆరేసిన పంచె అయ్యేది.

"ఛీ, ఇదేం కథే అక్కా! ఒక్క నిజం దయ్యాన్ని చూపించవే" అని లాస్య దిండు పెట్టి బాదేది.

"నేను పోయాక నేనే వస్తాలే, చూద్దువుగాని" అనేది కౌముది.

నేను తెనాలి నుంచి వెళ్ళినప్పుడల్లా ఇద్దరినీ తిట్టేదాన్ని. తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యండే అని. నా మాట ఎవరు వింటారు?

మొన్న వానాకాలంలో కౌముదికి జ్వరం తగిలింది. వారం తిరక్కుండా పిల్ల పోయింది. దేవుడికి కళ్ళు లేవంటే నాకేం పాపం చుట్టుకోదు.

పదో రోజున సూర్యలంకలో సముద్రం ఒడ్డున పిండం పెట్టారు. పురోహితుడు గౌరీశంకరం గారు అందరినీ దూరంగా జరగమన్నారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయి ఇక్కడే తిరుగుతున్నట్టు.

సరుగుడు చెట్ల నిండా కాకులే. కానీ దిగినదల్లా పిండం దాకా వచ్చి ఎగిరిపోతోంది. ఎండ ముదిరింది. రవిశంకర్ బావ చేతులు జోడించి, "నీ కోరికేదైనా తీరుస్తాం తల్లీ" అంటూ దండాలు పెడుతున్నాడు. అక్క ఇసకలో కూలబడిపోయింది.

"ఏం లోటు చేశానమ్మా? గుంటూరులో ఉద్యోగమంటే వద్దన్నాననా? జ్వరమే కదా, తగ్గుతుందిలే అని ఇంట్లో ఉంచేశాననా? నా వల్లేనా తల్లీ?"

అప్పుడు పడింది లాస్య మీద నా చూపు. చెట్ల పక్కన ఒక్కతే నిలబడి, కాకి దిగినప్పుడల్లా చున్నీ విదిలిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా వెళ్ళి రెక్క పట్టుకున్నాను.

"ఏం పనే ఇది? అక్కడ మీ అమ్మ ఏమైపోతోందో చూశావా?"

"తింటే అక్క వెళ్ళిపోతుంది పిన్నీ. తినకపోతే ఇక్కడే ఉంటుందిగా. దయ్యమై వచ్చినా పర్లేదు, నేను భయపడను."

కోపమంతా ఎటు పోయిందో, నాకు ఏడుపొచ్చింది. పట్టుకున్న చెయ్యి వదిలేశాను. అక్క మాత్రం అదే మాట. నా వల్లేనా, నా వల్లేనా అని ఇసక మీద చేతులు కొట్టుకుంటోంది. లాస్య తల్లి వైపు చాలాసేపు చూసింది. తర్వాత చున్నీ తీసి నడుముకు బిగించి కట్టుకుంది.

కాకి వచ్చింది. ముద్ద పొడిచింది.

"ముట్టిందండి! అమ్మాయికి ఏ వెలితీ లేదండి" అన్నారు గౌరీశంకరం గారు. అక్క గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, బావ చెయ్యి పట్టుకుని లేచింది. అందరూ ఆమె చుట్టూ చేరారు. బంగారు తల్లి, హాయిగా వెళ్ళిపోయింది అన్నారు. లాస్యను ఎవరూ పలకరించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కనే కూర్చుంది. ఇంటి సందు మలుపులో నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మ కోసం పంపించేశాను పిన్నీ. అక్క మాత్రం, నేనే వద్దన్నాననుకుంటుందేమో."