తాత హారన్ కొట్టేవాడు కాదు

“లేదన్నా, తాత లడాయిల సావలే. మేడ్చల్ దవాఖానల దమ్ము రోగంతోని సచ్చిండు. అయితే ఏంది?”

నిన్న మా బండి ఓనరుకు ఈ జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ చెబుతున్నాను. గౌడవెల్లిలో మా పక్కింటి తాత పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మిలిటరీలో లారీ డ్రైవర్‌గా చేసి, రిటైరయ్యాక ఇక్కడా బండి తోలాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి తిరుగుతున్న నన్ను పట్టుకొచ్చి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. ఇప్పుడు జీడిమెట్ల కంపెనీల సరుకు ట్రాలీలో తోలుతున్నాను.

ఇవాళ కార్గిల్ విజయ్ దివస్. శామీర్‌పేట చెరువు దగ్గర రెండు నిమిషాలు బండి ఆపుకుంటానని నిన్న అడిగితే ఓనరు నవ్వాడు.

“అది బార్డర్ల సచ్చినోళ్ల దినంరా. మీ తాతకేం సంబంధం? ఆపినవని ఎరుకైతే చాబీ ఇచ్చి ఇంటికి పో.”

సంబంధం ఉంది.

తాత హారన్ కొట్టేవాడు కాదు, కొట్టనిచ్చేవాడూ కాదు. నేర్చుకునే రోజుల్లో నా చెయ్యి హారన్ మీదికి పోతే వేళ్ల మీద ఒక్కటి వేసేవాడు. “ఏందిరా గంత పరేషాన్? ముందటి బండిల ఎవ్వరు పండుకున్నరో నీకెర్కనా?” బర్రె అడ్డం నిలబడితే కిటికీలోంచి తల పెట్టి “జర జరుగు తల్లీ” అని బతిమాలేవాడు. నేను నవ్వితే, “నీకంటే నయం. మాటింటది” అనేవాడు.

కార్గిల్ యుద్ధంలో కొండల కిందిదాకా జవాన్లను తీసుకెళ్లింది ఆయన లారీయేనట. పోయేటప్పుడు బండి నిండా పాటలు, పేకముక్కలు. వాళ్లలో కొందరిని పెట్టెల్లో మళ్లీ ఆయనే కిందికి తెచ్చాడు. ఇరుకు దారి, వెనక బండ్ల హారన్లు. అంతకంటే చెప్పేవాడు కాదు. ఏటా ఈ రోజు మాత్రం చెరువు పక్కన బండి ఆపి, ఇంజన్ బంద్ చేసి, దిగి వెనక డాలా తలుపు పట్టుకుని నిలబడేవాడు. జెండా లేదు, సెల్యూట్ లేదు. “గెలిసినోళ్లు జెండ ఎగరేస్తరు. దించుకొచ్చినోడు నిలవడ్తడు, గంతే.”

పోయినేడు బండి నేను నడిపాను. దమ్ము ఎక్కువై ఆయన పక్క సీట్లో వచ్చాడు. మెల్లగా దిగి వెనక్కి పోయాడు. నాకు లోడు దింపే తొందర. ఒక్క నిమిషమన్నా అయిందో లేదో, హారన్ కొట్టాను. రెండుసార్లు. ఆయన ఉలిక్కిపడి డాలా గట్టిగా పట్టుకోవడం అద్దంలో కనిపించింది.

తిడతాడనుకున్నాను. వచ్చి కూర్చుని, “ఆళ్లకెట్లాగు ఇనవడదు బిడ్డా. నాకే” అన్నాడు.

తప్పయింది తాతా అని రేపు చెబుదామనుకున్నాను. ఏడాదంతా రేపే అయింది.

తాత పోయాడని కబురు అందేసరికి జీడిమెట్లలో సరుకు దింపుతున్నాను. దవాఖాన నుంచి ఆయన్ని నా బండిలోనే ఇంటికి తెచ్చాను. రోడ్డు నిండా గుంతలు. ఆయన కదలకూడదని మెల్లగా పోతుంటే, వెనక ఒకటే హారన్లు. ఒకడు పక్కకొచ్చి, “ఏందిరో, పెండ్లి ఊరేగింపా?” అని అరిచి ముందుకు పోయాడు. వాడికేం తెలుసు? నాకు మాత్రం పోయినేడు ఏం తెలుసు? దిగి ఎంతమంది నోళ్లు మూయించగలను? ఇల్లు చేరేదాకా అద్దంలోకి చూడలేదు.

ఇవాళ ఆపాను. డాలా పట్టుకుని నిలబడ్డాను. డాలా సందులో ఆ రోజు తాత మీది దండలోంచి రాలిన బంతిరెక్కలు ఇంకా ఉన్నాయి, ఎండిపోయి. వాటికే చెప్పాను, తప్పయిందని. వాటికెట్లాగూ వినపడదు.

మళ్లీ సీట్లో కూర్చుని ఫోన్‌లో ఇది రాస్తున్నాను. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఇప్పుడు నా వెనక ఒక ఇసుక లారీ వచ్చి ఆగింది. దానికి దారి చాలడం లేదనుకుంటా. డ్రైవర్ ఇంకా హారన్ కొట్టలేదు. కొట్టకముందే పోవాలి.