ప్రాణి లేదని రాసిన ఇల్లు

1983 ఆగస్టులో ఒక శుక్రవారం పట్టపగలు, అత్తిమంజేరిపేట నేతగాళ్ల వీధిలో, కన్నియమ్మ ఇంట్లో లేని సమయం చూసి ముగ్గురు మనుషులు ఆమె తలుపు తాళం పగలగొట్టారు. మగ్గం మీది పడుగును కోశారు. తలుపుకు తమ తాళం వేశారు. ఆ ఇంట్లో ఆరు నెలలుగా కాపురం లేదనీ, లోపల ఏ ప్రాణీ లేదనీ కాగితం రాసి సంతకాలు పెట్టారు.

లోపల ప్రాణి ఉంది. అది అరవలేదు. ఎందుకు అరవలేదో తెలిస్తే తప్ప ఆ సంతకాల నీచత్వం పూర్తిగా అర్థం కాదు.

కన్నియమ్మకు నలభై ఆరేళ్లు. మొగుడు పోయిన నెలకే ఆయన కూర్చున్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంది. తువ్వాళ్లు నేస్తుంది. శుక్రవారం శుక్రవారం తిరుత్తణి బస్సెక్కి, నేసినవి ఇచ్చి, నూలు తెచ్చుకుంటుంది. తక్కిన ఆరు రోజులూ గడప దాటి ఎరగదు.

ముందటి ఏడు వానాకాలంలో, తల్లి బస్సు కింద పడి చచ్చిన ఒక నల్ల కుక్కపిల్ల ఆమె గుమ్మంలోకి పాకి వచ్చి, నేరుగా వెళ్లి ఆ గుంటలో పడింది. పైకి తీస్తే మళ్లీ దిగింది. ఆమె పాదాల పక్కనే పెరిగింది. కన్నియమ్మ దానికి మణి అని పేరు పెట్టింది. పేకనూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడే దానికి జోల. ఆ చప్పుడు ఆగిందంటే లోకం ఆగిపోయినట్టే. అందుకే శుక్రవారం ఆమె తలుపు వేసి నాలుగడుగులు వేసీ వేయకముందే మోర ఎత్తి ఏడుపు అందుకునేది. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆపేది కాదు.

కుక్క ఏడిస్తే వీధిలో పీనుగ లేస్తుందన్నది అక్కడి నమ్మకం. ఇంటి యజమాని శివప్రకాశం తల్లి మంచాన పడి ఉంది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మే కన్నియమ్మా, నీ కుక్క పట్టపగలే యముణ్ణి పిలస్తా ఉండాది. దాని నోరు మూయించు. కాదంటే ఇల్లు ఖాళీ చెయ్."

"కుక్క పిలిస్తే వచ్చేదానికి యముడేమన్నా నీ పనోడా అన్నా? మా ఇంటికి ఎవురూ పిలవకనే వచ్చి పొయినాడే."

"వాయి ఎక్కువైంది నీకు, నోరు అదుపులో పెట్టుకో. నెల టైము ఇస్తా ఉండా. అంతే."

ఆయన అసలు ఆరాటం తల్లి గురించి కాదు. ఆ వరసలో నాలుగిళ్లు ఆయనవి. నాలుగూ కలిపి పవర్‌లూమ్ షెడ్డు వేయాలని చూస్తున్నాడు. మూడు ఇళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలింది కన్నియమ్మ ఇల్లు. ఆ సంగతి కన్నియమ్మకు తెలుసు. కుక్క ఏడుపు ఆయన చేతికి దొరికిన కర్ర అని కూడా తెలుసు. ఆ కర్రను ఆయన చేతిలోంచి లాగేయాలని పంతం పట్టింది.

కొట్టలేదు, కట్టేయలేదు. నేత నేర్చుకున్నట్టే, పోగు తర్వాత పోగుగా మొదలుపెట్టింది. ముందు నేస్తూ నేస్తూ చెయ్యి ఆపేది. మణి తల ఎత్తేది. అది తల దించేదాకా ఆగి మళ్లీ నాడె విసిరేది. తర్వాత గుంటలోంచి లేచి, ఊరికే నిలబడి, మళ్లీ కూర్చునేది. తిరుత్తణి సంచి భుజాన వేసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లి అన్నం వార్చుకునేది. సంచి తీస్తే ప్రయాణమే అన్న లెక్క ఆ పిల్ల బుర్రలోంచి పోవాలని. ఆ తర్వాత తలుపు. బయటికి పోవడం, గొళ్లెం పెట్టడం, పది ఊపిరుల తర్వాత లోపలికి రావడం, చెంబెడు నీళ్లు తాగి కూర్చోవడం. మళ్లీ పోవడం.

బయలుదేరినప్పుడు శకునం చెడితే వెనక్కి వచ్చి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని కదలడం వాడుక. పక్కింటి సరసమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా లెక్కపెట్టింది.

"ఏంది కన్నియక్కా, పొద్దున్నించి పన్నెండుసార్లు తిరుక్కోని వచ్చినావు. నీకు అన్ని చెడ్డ శకునాలు యాడనించి ఎదురొస్తాయి?"

"ముండమోసినదాన్ని. నేనే శకునం. నాకేం ఎదురొస్తాది?"

"మరి ఆ నీళ్లెందుకు తాగతావు?"

"అన్నిసార్లు తిరిగితే దాహం కాదా?"

సరసమ్మ పడీ పడీ నవ్వింది.

ఒక తప్పు చేసింది కన్నియమ్మ. ఒకనాడు బస్టాండు దాకా వెళ్లేసరికి ఏడుపు వినబడింది. గుండె ఆగక పరుగున వచ్చి ఒళ్లోకి తీసుకుంది. ఏడిస్తే అమ్మ వస్తుందని అది నేర్చుకుంది. రెండు వారాల కష్టం మట్టిలో కలిసింది. మళ్లీ పది ఊపిరుల దగ్గరనుంచి మొదలుపెట్టింది. ఈసారి అది ఊరుకున్నాకనే తలుపు తీసింది. వచ్చాక ముద్దు చేయలేదు. ఏమీ జరగనట్టు గుంటలో కూర్చుంది. పోయేటప్పుడు తన గంజివాసన పాతచీర గుంటలో పరిచి, కొబ్బరిచిప్పలో రాగిసంగటి గట్టిగా మెత్తి అక్కడ పెట్టేది. దాన్ని నాకి నాకి అలసి, చీరలో మూతి దూర్చి పడుకోవడం మణికి అలవాటైంది. తలుపు ఎవరు తీసినా, వేసినా తల ఎత్తేది కాదు.

గడువు ముగిసేనాటికి ఆమె పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చింది. సరసమ్మ ఎదురొచ్చి చెప్పింది. "ఊపిరి పీల్చిన శబ్దం గూడా లేదక్కా. ఉండాదా, చచ్చిందా అని సందులోనించి తొంగి చూసినాను."

కుక్క పోయిందనుకుని ఆ నిశ్శబ్దాన్నే శివప్రకాశం వాడుకున్నాడు. వాడకుండా పడేసిన ఇల్లు అని రుజువైతే అద్దెకున్నవాళ్లను తేలికగా బయటికి నెట్టవచ్చని ఎవరో ఆయన చెవిలో ఊదారు. పడుగు ఎక్కిన మగ్గం ఉన్న ఇల్లు వాడకుండా పడేసిన ఇల్లు కాదు. అందుకే పడుగు కోయించాడు. కోసింది దండపాణి, నేతగాడి కడుపున పుట్టినవాడు. సాక్షి సంతకం చేసింది దేవరాజులు, పొలాలున్న పెద్దమనిషి. ముగ్గురూ ఇల్లంతా చూశామని రాశారు. గుంటలోకి మాత్రం చూడలేదు. ఒకప్పుడు తానూ నేతగాడే అయిన శివప్రకాశం మగ్గం మరిచిపోయి ఎన్నేళ్లయిందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ శుక్రవారం నూలు అందక కన్నియమ్మ మధ్యాహ్నానికే తిరిగి వచ్చింది. తలుపుకు కొత్త తాళం. సరసమ్మ చూసిందంతా చెప్పింది. కన్నియమ్మ తలుపు సందుకు చెవి ఆనించి "మణీ" అంది. లోపల తోక నేలకు తగిలే చప్పుడు వినిపించింది.

"రాయి తెస్తాను, పగలగొట్టక్కా," అంది సరసమ్మ.

"పగలగొడితే దొంగను నేనవుతాను. పద."

గ్రామాధికారిని పిలుచుకొచ్చింది. ఆ కాగితం అప్పటికే ఆయన చేతికి చేరింది. తాళంచెవి కోసం ఆ ముగ్గురినీ రప్పించారు. వీధి వీధంతా గుమిగూడింది.

"తలుపు తీసేదానికి ముందు ఆ కాగితం గట్టిగా చదవండయ్యా," అంది కన్నియమ్మ.

ఆయన చదివాడు. ఇంట్లో ఏ ప్రాణీ లేదు.

"శివప్రకాశం అన్నా, చేవ్రాలు నీదేనా?"

"నాదే. ఏం?"

"దండపాణీ, నీది?" వాడు తల ఊపాడు. "నోటితో చెప్పు నాయనా, అందరూ వింటా ఉండారు."

"నాదే."

"దేవరాజులయ్యా, మీరు లోపలంతా చూసే పెట్టినారా?"

"చూడకుండా పెడతానా? నన్నేమనుకున్నావు?"

"శరి. ఇప్పుడు తీయండి."

తలుపు తెరుచుకుంది. గుంటలోంచి మణి పైకి వచ్చింది. ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంది. ఆవలించింది. ఎవరినీ చూసి అరవలేదు. వచ్చి కన్నియమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. వీధి గొల్లున నవ్వింది.

"కుక్క ఒక ప్రాణి కిందికి వస్తాదా?" అన్నాడు దేవరాజులు.

"యముణ్ణి పిలిచినప్పుడు వచ్చింది గదా అయ్యా," అంది సరసమ్మ.

కన్నియమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు మగ్గం మీదున్నాయి. రెండు వేలకు పైబడిన పోగులు, అడ్డంగా ఒకే కోత. తెగిన కొసలు గుంటలోకి వేలాడుతున్నాయి. ఆమె వాటిని ముట్టుకోలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ సాయంత్రమే ముగ్గురి మీదా గ్రామాధికారికి ఫిర్యాదు రాయించి ఇచ్చింది.

ఆ వారం శివప్రకాశం రాజీకి మనిషిని పంపాడు. కొత్త పడుగు ఇస్తాడట, ఇంట్లోనే ఉండనిస్తాడట, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలట. ఆమె వచ్చినవాడికి మంచినీళ్లిచ్చి పంపించింది. మగ్గం ఆపి నెల దాటింది. కూలికి పోయి తింటోంది. తెగిన పడుగు అలాగే ఉంది.

శివప్రకాశం, దండపాణి, దేవరాజులు, మీరు ముగ్గురూ వినండి. ఆమెకు మీ కొత్త పడుగు వద్దు. ఏ వీధిలో కాగితం రాశారో ఆ వీధిలోనే, పగటివేళ, జనం ముందు, అబద్ధం రాశామని మీ చేతులతో రాసి గ్రామాధికారికి ఇవ్వండి. ఆ తర్వాత కన్నియమ్మ గడప దాటి లోపలికి రండి. ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చోండి. మీరు కోసిన పోగులను ఒక్కటొక్కటిగా, కొసకు కొస మెలిపెట్టి, మీ వేళ్లతోనే అతకండి. అతకడం రాదంటే నేర్చుకోండి. ఆఖరి పోగు అతికేదాకా ఫిర్యాదు వెనక్కి రాదు.