చిలక మాది, పావురం ఆయనది

చిలక బొమ్మ కనిపిస్తే ఇప్పటికీ నాకు ఎగిరి గంతేయాలనిపిస్తుంది. చెట్టు మీది చిలక కాదు, మా సాఫ్ట్‌వేర్ గుర్తు. పెళ్ళి పత్రికలను తెలుగులో, ఉర్దూలో పక్కపక్కనే అందంగా కూర్చే ప్రోగ్రామ్ అది. తెలుగు వైపు పని నాది. ఉర్దూ వైపు పని కిషన్‌బాగ్‌లో ఉండే నా స్నేహితుడిది, భాయ్ అని పిలుస్తాను. ఎక్కడెక్కడివాళ్ళో వాలంటీర్లు మాకు తోడు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆఫీసులో జీతానికి రాసిన కోడ్ మీద నాకెప్పుడూ ఇంత మోజు లేదు!

దానికి మొదటి ప్రచారకుడు మా బాపు. పాతబస్తీలో మాది పెళ్ళి పత్రికల దుకాణం. మా గల్లీలోని ప్రింటింగ్ ప్రెస్సులన్నిటికీ ఆయనే వెళ్ళి, "చిలక బొమ్మ చూసి కంప్యూటర్ల పెట్టుకోండ్రి. నా బిడ్డ చేసింది. నా జబాన్" అని చెప్పి వచ్చాడు. ఆ గల్లీలో జబాన్ ఇవ్వడం అంటే ఆషామాషీ కాదు. కాగితం, సంతకం ఏమీ లేకుండా సరుకు చేతులు మారేది ఆ మాట మీదే.

అలాంటి బాపు ఒక పొద్దున ఫోన్ చేసి, "ఏంది బిడ్డా నీ చిలక? ఇజ్జత్ తీసింది!" అన్నాడు. పరుగున దుకాణానికి వెళ్ళాను. పెళ్ళికూతురి మేనమామ ఒకాయన పత్రికల కట్టను కౌంటర్ మీద పడేసి ఊగిపోతున్నాడు. బాపు ఆర్డరు తీసుకొని, చిలకతో పక్క ప్రెస్సులో అచ్చేయించిన పత్రికలవి. బంగారు తీగల అంచు, ముత్యాల్లాంటి అక్షరాలు, చూడముచ్చటగా ఉన్నాయి. కానీ ఆఖరి వరుస లేదు. ఫంక్షన్ హాలు పేరు ఉండాల్సింది ఆ వరుసలోనే!

"చుట్టాలు ఏడికి రావాలె సేఠ్? నీ దుకాణంకా?" అన్నాడు మేనమామ.

ప్రెస్సాయన కూడా తగులుకున్నాడు. "నీ మాట మీద పెట్టుకున్నం సేఠ్. ఇగ గల్లీల అందరం చిలకను తీసేస్తం."

"రేప్పొద్దుగాల దాంక ఆగుండ్రి" అన్నాడు బాపు, తల ఎత్తకుండానే. బేరానికి కూడా ఒకరి ముందు తల దించని మనిషి! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అసలు ఆ బంగారు అంచు మా ప్రోగ్రామ్‌లో లేనే లేదు. ప్రెస్సాయన కంప్యూటర్ తెరిచి చూశాను. పైన చిలక మాదే, లోపలి సరుకు మాత్రం ఎవరో మార్చేశారు. చాంద్రాయణగుట్టలో ఒక డీటీపీ దుకాణం నుంచి తెచ్చుకున్నాడట.

భాయ్‌ని పిలిపించి, ఒక పత్రిక పట్టుకొని అతని బండి మీద బయల్దేరాం. తిట్టాల్సిన తిట్లన్నీ దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే అవన్నీ భాయ్ చెవిలోనే పడ్డాయి. "జర ఊపిరి తీస్కో" అన్నాడు.

మేమెవరమో చెప్పగానే దుకాణదారు లేచి కుర్చీలు తుడిచాడు. "అరే, చిలకవాళ్ళా! మీరు నా ఉస్తాదులు!" అని చాయ్ తెప్పించాడు.

"ఉస్తాదుల పేరు మీద దొంగ సరుకు పంచుతవా?" అని నేను విరుచుకుపడ్డాను.

ఆయన తెల్లబోయాడు. "దొంగ సరుకేంది అక్కా? ఎవరన్న మార్చుకోవచ్చని మీరే రాసిండ్రు కదా. నేను అంచులు కలిపిన, గంతే. చిలకను తీసి నా బొమ్మ పెట్టుకుంటే నమక్‌హరామీ కాదా? మా తాత కాతిబ్. బతికినంత కాలం బోర్డుల మీద, పత్రికల మీద ఉర్దూ రాసిండు. కింద ఉస్తాద్ పేరే వేసేటోడు. తన పేరు ఏడా వెయ్యలే."

ఆయన అన్నది నిజమే. కోడ్ పెట్టిన చోటే, అదే లైసెన్సు కింద, చిలక బొమ్మనూ పెట్టి ఊరంతటికీ ధారపోసింది మా బృందమే. బొమ్మను వేరుగా ఉంచాలని మాలో ఎవరికీ తట్టలేదు. ఇక ఈయన్ని ఏ మొహంతో తిట్టను?

భాయ్ ఆ పత్రికను ఆయన ముందు పెట్టాడు. అంచు మందమై, ఆఖరి వరుసను కాగితం బయటికి తోసేసిందని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. "యా అల్లా! ఉస్తాద్ పేరు నేనే ఖరాబ్ చేసిన్నా?" అన్నాడు. ఆ గొంతు వింటే పాపం అనిపించింది.

"కోడ్ ఎంతన్న మార్చుకో, అది నీ హక్కు" అన్నాడు భాయ్. "మార్చినంక గుర్తు మాత్రం నీది పెట్టు. తప్పయితే ఎవర్ని అడగాలెనో జనానికి తెల్వాలె. మంచిగైతే మెచ్చుకునేది గూడ నిన్నే కదా!"

"నా గుర్తా?" అని ఆయన సిగ్గుపడ్డాడు.

ఆ సాయంత్రం వాలంటీర్ల ఆన్‌లైన్ మీటింగులో ఒకటే లొల్లి. స్వేచ్ఛగా ఇచ్చేశాక పేరుకు తాళం ఎందుకని కొందరు పట్టుబట్టారు. నేను ఆ పత్రికను కెమెరాకు ఆనించి, "ఈ పెళ్ళికి ఎక్కడికి వెళ్తారో చెప్పండి!" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. చివరికి తేల్చాం. ఉన్నదున్నట్టు పంచితే చిలకను ఉంచొచ్చు. మారిస్తే సొంత పేరు, సొంత గుర్తు పెట్టుకోవాలి, చిలక నుంచి పుట్టిందని కింద చెప్పుకోవచ్చు. చిలకను ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించడానికి కూడా ఒప్పుకున్నారు. నా సంబరం చూడాలి!

మర్నాడు పొద్దున్నే చాంద్రాయణగుట్ట ఆయన మా దుకాణం ముందు దిగాడు. అంచు సరిచేశాడు. తెర మీద తెల్ల పావురం, దాని కింద చిన్న అక్షరాల్లో "ఉస్తాద్: చిలక". నేను చప్పట్లు కొట్టేశాను. ప్రెస్సులవాళ్ళు మూగారు, మేనమామ కూడా వచ్చాడు. బాపు చిలకతో ఒక పత్రిక, పావురంతో ఒక పత్రిక అచ్చు తీయించి, కళ్ళద్దాలు పెట్టుకొని ఆఖరి వరుస దాకా చదివాడు. పావురం పత్రికను మేనమామ చేతిలో పెట్టాడు.

"గిది అచ్చేయిద్దాం. మస్తుగున్నది" అన్నాడు బాపు.

"మరి నీ బిడ్డది?" అన్నాడు ప్రెస్సాయన.

"చిలక నా బిడ్డది, పావురం గీయనది. గుర్తు చూసి పెట్టుకోండ్రి. రెండిటికీ నా జబాన్."

గల్లీలో చిలకను ఎవరూ తీసేయలేదు. నాకు ఆనందం పట్టలేక భాయ్ వీపు మీద ఒక్కటి చరిచాను. చాంద్రాయణగుట్ట ఆయన మాత్రం కదల్లేదు. తెర మీది పావురాన్నే చూస్తూ, "మా తాతకు గూడ గిట్ల ఒక గుర్తుంటే బాగుండు" అన్నాడు.