రంగు కింద నెంబరు

మొన్న గోదావరిఖనిలో రైలుకు టైమవుతోందని దారిన పోయే వ్యాను ఒకటి ఆపాను. వెనక తలుపు పట్టి లాగితే అది కీచుమనలేదు. బొటనవేలి మందాన పైకి లేచి, టక్కుమని ఒకచోట కూర్చుని, ఇక నాతో పనిలేనట్టు నిలబడిపోయింది. నా చెప్పు మీద చిటికెడు బొగ్గు దుమ్ము రాలింది. "ఎక్కు అక్కా, అది మీద పడది" అన్నాడు డ్రైవరు. ఎందుకు పడదో నాకు తెలుసు. నాకంటే బాగా తెలిసిన మనిషి మాత్రం నిరుడు పోయాడు. ఆయన పేరు కొమురయ్య. నేను బాబాయిని పిలిచినట్టు కాకా అని పిలిచేదాన్ని.

కాక మా బాపుతో పాటు బొగ్గుగనిలో పనిచేశాడు. బాపు లోపల తవ్వేవాడు, కాక పైన వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకుని, కార్మికులను గనులకు చేరవేసే జీపులకు తలుపులు, మెట్లు బిగించేవాడు. ఉద్యోగం వదిలినా ఉద్యోగం ఆయన్ను వదల్లేదు. గని సైరను మోగితే సుత్తి ఎత్తేవాడు, మళ్ళీ మోగితే దించేవాడు. వర్క్‌షాపులో బాగుచేసిన ప్రతి సామాను మీద తేదీ, షిఫ్టు, ఫిట్టరు పేరులో మొదటి అక్షరం పంచి అనే ఇనుప అచ్చుతో గుంతలు పడేలా కొట్టేవాళ్ళు. ఆ గుర్తునే నెంబరు అనేవాళ్ళు. షెడ్డులోనూ అదే పద్ధతి.

"రిటైరైనంక షిఫ్టు ఏంది కాకా? నిన్ను అడిగేటోడు ఎవడు?" అన్నాను ఒకసారి.

"రేపు అది ఇరిగితే నన్ను నేను అడుగుకోవద్దా బిడ్డా, ఏ షిఫ్టుల నిద్రపోయినవురా అని."

నేను ఆయన దగ్గరికి చేరింది నా ప్రతిభ వల్ల కాదు. నాలుగేళ్ళ ఇంజనీరింగును ఐదేళ్ళు శ్రద్ధగా చదివి ఇంటికొచ్చాను. మెషిన్ డ్రాయింగులో రెండుసార్లు తప్పానని తెలిసే బాపు కొమురయ్య కాక షెడ్డుకు నన్ను బొమ్మలు గీయడానికి పంపాడు. బాపు హాస్యం అలాగే ఉండేది. పాతికేళ్ళు బొగ్గు తవ్వినా పోని వేలు డ్యూటీకి వెళ్తూ జీపు తలుపులో పోతే, "కంపెనీ తియ్యలేదు, సత్తన్న జీపు తీసుకున్నది" అని నవ్వినవాడు. వాలుగా ఉన్న రోడ్డు మీద ఆగిన జీపుల తలుపులు వాటంతటవే మూసుకుని వేళ్ళు నలిపేవి. కాక ఆ వేలిని చూశాకే ఒక కొత్త కబ్జా చేశాడు. తలుపును చట్రానికి పట్టి ఉంచే మడతబందును మా వైపు కబ్జా అంటారు. భూముల కబ్జాతో దానికి చుట్టరికం లేదు, అప్పటికి.

పేటెంటు అని ఒకటుంటుందట, దానికి బొమ్మలు కావాలట. నేను పెన్సిలు చెక్కుకుని కూర్చుంటే కాక దాన్ని లాక్కున్నాడు.

"ముందుగాల కండ్లు మూసుకొని ఆ తలుపు తియ్యి. ఏం తెలిసింది?"

"పైకి లేచింది కాకా."

"లేచుడు కొత్తది కాదు. ఇండ్ల తలుపులకు గసొంటి కబ్జాలు ఎప్పటిసందో ఉన్నయి. మల్ల తియ్యి."

"లేచి కూర్చుంది."

"కూసునుడు గూడ ఎవడో ఎక్కడో చేసే ఉంటడు. మల్ల తియ్యి."

ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. చివరికి విసుగొచ్చి, "నా కాలు మీద దుమ్ము పడుతోంది, ఇంకేం లేదు" అన్నాను.

కాక పెన్సిలు నా చేతికిచ్చాడు. "గదే కొత్తది. గదే గియ్యి."

తలుపు పైకి లేచి, దానంతటది మూసుకోకుండా కూర్చునే గంటు అడుగున ఆయన వాలుగా ఒక రంధ్రం తీశాడు. తలుపు లేచిన ప్రతిసారీ లోపల చేరిన బొగ్గు దుమ్ము దాంట్లోంచి రాలిపోతుంది. అందుకే మా ఊరి దుమ్ములోనూ అది బిగుసుకోదు. మిగతాదంతా పాతదేనని చేసినవాడే ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది. వస్తువులో ఏది కొత్తదో తెలియాలంటే, ఏది కొత్తది కాదో ముందు ఒప్పుకోవాలన్న పాఠం నాకు ఐదేళ్ళ కాలేజీలో దొరకలేదు. ఆ షెడ్డులో ఒక పూటలో దొరికింది.

బొమ్మలు పట్టుకుని హైదరాబాదులో ఒక పేటెంటు వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా చూసి మెచ్చుకుని, "ఇది ఎవరికైనా చూపించారా?" అని అడిగాడు.

కాక ఛాతీ విప్పారింది. "చూపిచ్చుడేంది సార్, ఖనిల తిరిగే సగం జీపులకు బిగిచ్చిన. పక్క షెడ్లోళ్ళకు గూడ నేర్పిన."

వకీలు పెన్ను మూత పెట్టేశాడు. దరఖాస్తు పెట్టకముందే నలుగురి వాడకంలోకి వచ్చినదాన్ని చట్టం కొత్తది అనదని మెల్లగా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. కాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే దాచిపెడితే నాది, వాడితే కాదు. గంతేనా సార్?"

"అంతే."

"మరి ఈ పిల్ల బాపు వేలు చూసినంక దాచుడెట్ల?"

మేం లేస్తుంటే వకీలు, నా బొమ్మ కింద దుమ్ము గురించి రాసిన రెండు వాక్యాలు చూపించి, ఉద్యోగం కావాలా అని అడిగాడు. బొమ్మ గురించి ఏమీ అనలేదు. కాక పేటెంటు పోయిన గదిలోనే అలా నాకు పని దొరికింది. ఆ సంగతి చాలా ఏళ్ళు ముల్లులా గుచ్చుతూనే ఉంది.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు, కొత్తగా ప్రచురించిన దరఖాస్తులు తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగింది. తలుపును పైకి లేపే వాలు, గంటు, గంటు అడుగున రంధ్రం. బండ్ల విడిభాగాలు చేసే ఒక పెద్ద సంస్థ పేటెంటు అడుగుతోంది. మా కబ్జా కబ్జా కాబోతోంది. వాళ్ళకు పేటెంటు వస్తే ఖనిలోని షెడ్లవాళ్ళు తమ కబ్జాను తామే చేసుకోకూడదు. కాకకు ఫోను చేశాను.

"నాకు రాకుంటె రాకపాయె. వాళ్ళెట్ల ఆపుతరు?" అన్నాడు.

"వాళ్ళకంటే ముందే మనం వాడినట్టు రుజువు చేస్తే ఆపలేరు కాకా."

"గట్లయితె రా. సత్తన్న జీపు ఇంకా నడుస్తున్నది."

బాపు వేలు తీసుకున్న ఆ జీపుకే మొట్టమొదటి కబ్జా బిగించారు. నేను ఎంతో తెలివిగా ఇనుప బ్రష్షు, కిరోసిను సీసా తెచ్చుకున్నాను, రంగు గీకేస్తే నెంబరు ఫోటోలో బాగా పడుతుందని. బ్రష్షు ఆనించబోతే కాక నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా. ఆ నెంబరు నేను నిన్న కొట్టలేదని ఎవలు చెప్తరు?"

నేను బ్రష్షు కింద పెట్టాను.

"రంగు చెప్తది. ఫిట్‌నెస్‌కు పొయ్యే ముందల నాలుగైదేండ్లకోపారి సత్తన్న బండికి రంగు ఏపిస్తడు. ఒకసారి ఏసిన రంగు మల్ల ఎయ్యడు. కాయితాలల్ల ఏ రంగో రాసుంటది."

సత్తన్న కాయితాలన్నీ సంచిలో తెచ్చిచ్చాడు. కాక కబ్జా విప్పి తువ్వాలులో చుట్టాడు. సత్తన్న తలుపును తాడుతో కట్టుకుని, "మీ కేసు అయ్యేదాంక నా బండి కట్టేసిన బర్రె లెక్కనే" అని గొణుక్కుంటూ పోయాడు.

చెన్నై పేటెంటు ఆఫీసులో విచారణ. అవతలి వకీలు మా కబ్జాను రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఈ నెంబరు నిన్న కూడా కొట్టి ఉండొచ్చన్నాడు. నేను తర్జుమా చేసి చెప్పాను. కాక లేచి నిలబడ్డాడు.

"నిన్న కొడితే రంగు పగలాలె గద సార్. చూడుండ్రి, రంగు గుంతలల్లకు దిగింది. మీద నీలం, దాని కింద తెలుపు, అడుగున గోధుమ రంగు. గోధుమ రంగు ఏ సంవత్సరం ఏసిండో కాయితంల ఉన్నది."

అధికారి భూతద్దం తీసుకున్నాడు. అంకెల గుంతల్లో మూడు రంగులు ఒకదాని మీద ఒకటి నిండి ఉన్నాయి. అడుగు రంగు వేసిన సంవత్సరం ఆ సంస్థ దరఖాస్తు కంటే చాలా ముందుది. అందరికీ బిగించి పాడుచేసుకున్నాడని నేను ఇన్నేళ్ళు బాధపడిన పనే ఇప్పుడు గెలిపిస్తోంది. ఆయన దాచిపెట్టి ఉంటే ఆ రోజు మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

దరఖాస్తు తిరస్కరించామన్న ఉత్తర్వు రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలోనే అందింది. ఖనిలో వీధివీధికీ డప్పులు, గులాల్. అవన్నీ రాష్ట్రం కోసమే. నేను మాత్రం కొన్ని దరువులు మా కోసమేనని అనుకున్నాను. షెడ్డు ముందు సత్తన్న జీపు ఉంది. "గెలిచిండ్రు, సంతోషం. నా తలుపు ఎప్పుడిస్తరు?" అంటున్నాడు. కాక సైరను కోసం ఆగాడు. అది మోగాక కబ్జాను మళ్ళీ బిగించి, పాత నెంబరు కింద ఆ రోజు తేదీ, షిఫ్టు కొట్టాడు. బాపు సగం వేలున్న చేత్తో తలుపు లాగాడు. అది లేచి, కూర్చుంది. బాపు చెయ్యి తియ్యకుండా చాలాసేపు అక్కడే ఉంచాడు.

ఇప్పుడు నేను రాసే ప్రతి ముసాయిదా అడుగున తేదీతో పాటు మొదటి షిఫ్టో రెండో షిఫ్టో రాస్తాను. ఆఫీసులో నవ్వుతారు. మెషిన్ డ్రాయింగు తప్పినదాన్ని, నాకు నవ్వులు కొత్త కాదు.

మొన్న వ్యానులోంచి దిగాక డ్రైవరు వింతగా చూస్తున్నా వంగి, కబ్జా మీది రంగును గోటితో తడిమాను. గుంతలు తగిలాయి. ఈ ఏటి తేదీ ఉంది, షిఫ్టు ఉంది. చివర ఉన్న అక్షరం కాకది కాదు. ఎవరిదో నాకు తెలియదు.