నాగలత ఇచ్చిన గురువారం

నాగలత సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. జూలూరుపాడులో పుట్టి, ఖమ్మంలో డిగ్రీ చదివి, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని చేసే రమణను చేసుకుని, కాలనీ క్వార్టర్‌లో కాపురం పెట్టిన మనిషికి సముద్రంతో పనేముంటుంది? అయినా ఆమెది ఓడల ఉద్యోగమే. వంటింటి పక్క గదిలో, బియ్యం డబ్బాకూ ఇస్త్రీ బల్లకూ నడుమ లాప్‌టాప్ పెట్టుకుని, బంగాళాఖాతంలో వస్తున్న ఓడలకు ‘తొందర లేదు, మెల్లగా రండి’ అని రాస్తుంది. పక్క క్వార్టర్ సుబ్బరత్నం ఈ మాట విని, ఓడలు నీ మాట వింటాయా అని పడీ పడీ నవ్వింది. వింటాయి. వినడమే తర్వాత కొంప ముంచింది.

ఆ పని ఏమిటో ముందు చెప్పాలి. రేవులో సరుకు దించే చోటును బెర్తు అంటారు. ముందు వచ్చిన ఓడకు ముందు బెర్తు అన్నది పాత పద్ధతి. అందుకని కెప్టెన్లు ఉన్న ఆయిలంతా తగలేసి ఉరుకులు పరుగుల మీద వచ్చేవారు. తీరా వస్తే బెర్తు ఖాళీ ఉండేది కాదు. రేవు బయట లంగరు వేసుకుని, అక్కడా పొగ వదులుతూ రోజుల తరబడి పడి ఉండేవారు. ఇంత తెలివితక్కువ పని లోకమంతా ఎన్నాళ్లు ఎలా చేసిందో గాని, చేసింది. ఇప్పుడు నాగలత పనిచేసే ముంబై కంపెనీ లాంటివి పుట్టుకొచ్చాయి. ఓడ నడిసంద్రంలో ఉండగానే దాని వంతు ఖాయం చేస్తారు. ఫలానా రోజుకు బెర్తు ఖాళీ అవుతుంది, ఆ రోజుకే రండి అని చెబుతారు. ఓడ నెమ్మదిగా వస్తుంది, ఆయిలు మిగులుతుంది, పొగ తగ్గుతుంది. కిటికీ తీస్తే పొగ గొట్టాలు కనబడే ఊళ్లో కూర్చుని తాను పొగ తగ్గిస్తున్నానని నాగలతకు గర్వంగానే ఉండేది. ఆ గర్వాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

వానాకాలంలో ఒకసారి తల్లి భారతమ్మ వచ్చింది. పత్తి చేలో కలుపు తీయించి, రెండు రోజులు ఉండిపోదామని వచ్చిన మనిషి, కూతురు పొద్దంతా తెర ముందు కూర్చోవడం చూసి ఉండబట్టలేక అడిగింది.

“ఇంతకీ ఏం పని జేస్తున్నవే? ఊళ్లె అడుగుతుండ్రు. ఏమని చెప్పాలె?”

“మొన్న యూరియాకు సొసైటీ కాడికి పోయినవ్ గదా అమ్మా. ఏం జేసినవ్?”

“ఏం జేస్త? అందరి లెక్కనే లైన్ల చెప్పులు పెట్టి ఇంటికొచ్చిన. లారీ వచ్చిందన్నంక మల్ల పోయిన.”

“గదే నా పని. ఓడలను గూడ గట్లనే చెప్పులు పెట్టి నిమ్మళంగ రమ్మంట. ఉరికొచ్చి ఎండల నిలబడుడు ఎందుకు?”

భారతమ్మకు పని మొత్తం ఒక్క ముక్కలో అర్థమైంది. “అంటే చెప్పులు ఎవ్వరు జరపకుండ కావలి ఉంటవన్నట్టు.”

“అవ్.”

కావలి ఉండడం నాగలతకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి సొసైటీ ముందు తల్లి చెప్పుల దగ్గర నిలబడింది. ఆ వరుసలో మనుషులు ఎలా ముందుకు దూరతారో ఆమెకు కొట్టిన పిండి. ఒకడు ఇంట్లో పిల్లకు జ్వరమంటాడు. ఇంకొకామె మొగుడికి కడుపునొప్పి, దవాఖానాకు జల్దీ పోవాలె అంటుంది. యూరియా వచ్చిన రోజున జూలూరుపాడు మండలంలో జబ్బు లేని ఇల్లు ఉండదు. అబద్ధమని అందరికీ తెలుసు, ఎవరూ మొహం మీద అనరు. ‘ఫికర్ చేయకు, నీ లైన్ ఎటూ పోదు’ అని నవ్వి వెనక్కి పంపుతారు.

కెప్టెన్లదీ అదే తంతు. వాళ్ల పాత అలవాటు ఒక పట్టాన పోదు. వంతు ఖాయమని రాసిచ్చినా నమ్మరు. నీళ్లు అయిపోతున్నాయి, వాతావరణం బాగాలేదు, వంటవాడికి ఒంట్లో బాగాలేదు, వేగంగా వస్తాము అని రాస్తారు. మొదట్లో నాగలత బెదిరిపోయి సరేననేది. వచ్చాక చూస్తే నీళ్లూ ఉండేవి, వంటవాడూ గుండ్రాయిలా ఉండేవాడు. మేనేజర్‌తో రెండుసార్లు చీవాట్లు తిన్నాక ఆమె గట్టిపడింది. సొసైటీ ముందు నేర్చుకున్న మాటనే ఇంగ్లిషులో రాసేది: మీ వంతు భద్రం, కంగారు పడకండి. అది భేషుగ్గా పనిచేసింది. మేనేజర్ మెచ్చుకున్నాడు.

కార్తీకంలో ఇండోనేషియా నుంచి బొగ్గుతో ఒక ఓడ బయలుదేరింది. నాగలత దానికి గురువారం ఉదయానికి బెర్తు ఖాయం చేసింది. సోమవారం మధ్యాహ్నం, రమణకు అన్నం పెట్టి డ్యూటీకి పంపి వచ్చి కూర్చునేసరికి కెప్టెన్ మెయిల్ ఉంది. ఇంజన్ గదిలో పనిచేసే ఒకతనికి నిన్నటి నుంచి కడుపునొప్పి, మందులు ఇస్తున్నాము, వీలైతే వేగం పెంచి మంగళవారమే వస్తాము అని. అతని పేరు మెయిల్‌లో లేదు.

కడుపునొప్పి. చదవగానే నాగలతకు నవ్వొచ్చింది. జరిగింది అదే. ఆమె మంచిది కాదని కాదు, ఆ మాటను ఆమె జీవితంలో అన్నిసార్లు విన్నది, అన్నిసార్లూ అబద్ధమే. మంగళవారం వస్తే మాత్రం ఏం లాభం, బెర్తు గురువారం దాకా లేదు కదా, వచ్చి లంగరు వేసుకుని ఉండడమేగా అనుకుంది. ‘గురువారం ఉదయం మీరు ఒడ్డున ఉంటారు. ఇది ఖాయం. అదే వేగంతో రండి’ అని రాసింది. కెప్టెన్ మళ్లీ అడగలేదు. అతని మీద కూడా ఆయిలు పొదుపు చేయమనే ఒత్తిడి ఉంది.

రేవు బయట లంగరు వేసిన ఓడ దగ్గరకు ఒడ్డు నుంచి పడవ వెళ్తుంది. డాక్టర్ వెళ్తాడు, మనిషిని దించుకొస్తారు. సరుకుకు బెర్తు కావాలి గాని మనిషికి అక్కర్లేదు. ఇది ఎవరూ ఆమెకు చెప్పలేదని కాదు. ట్రెయినింగ్‌లో చెప్పారు. వరుస తప్ప మరొకటి ఆలోచించని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు, అంతే.

బుధవారం పొద్దున ఇంకో మెయిల్ వచ్చింది. మనిషికి సీరియస్, పూర్తి వేగంతో వస్తున్నాము, ఎదురుగా పడవనూ డాక్టర్‌నూ పంపండి అని. నాగలత రేవు వాళ్లకు, పడవ వాళ్లకు, ఆసుపత్రికి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా కమురు వాసన కొట్టినా లేవలేదు. ఆ వాసనకు నిద్ర లేచి వచ్చిన రమణ పొయ్యి ఆర్పి, ఆమె మొహం చూసి జడుసుకున్నాడు.

“ఏందే, ఏమైంది?”

“నేను మెల్లగ రమ్మన్న,” అంది నాగలత. “మనిషికి బాగలేదంటే గూడ మెల్లగనే రమ్మన్న.”

పడవ ఎదురు వెళ్లింది. పడవ ఓడను కలిసేలోపే ఆ మనిషి పోయాడు. అపెండిక్స్ పగిలి కడుపంతా విషమైందని తర్వాత తేలింది.

విచారణలో నాగలత తప్పేమీ లేదన్నారు. సోమవారం మెయిల్‌లో అత్యవసరమని కెప్టెన్ రాయలేదు కాబట్టి నిబంధనల ప్రకారం అంతా సరిగ్గానే జరిగిందట. నెలాఖరు మీటింగ్‌లో మేనేజర్ తెర మీద ఒక పట్టిక చూపించాడు. ఆ నెలలో అందరికంటే ఎక్కువ ఆయిలు మిగిల్చిన ఓడల్లో ఆ బొగ్గు ఓడా ఉంది. ఆ పేరు తీసేద్దామని ఒక్కరికీ అనిపించలేదు. నాగలత కెమెరా ఆపేసుకుని అక్కడే కూర్చుంది.

మీటింగయ్యాక మేనేజర్ విడిగా ఫోన్ చేశాడు. పోయినతని పేరు సింహాచలం, శ్రీకాకుళం వైపు వాడు, ఇంట్లో తెలుగు తప్ప రాదు, ఓడ వాళ్ల తరఫున ఇన్సూరెన్స్ కాగితాల సంగతి మీరే మాట్లాడండి అన్నాడు. ఓడ వేగం గురించి మాత్రం ఎత్తవద్దని చెప్పాడు. ఆ పేరు నాగలత వినడం అదే మొదటిసారి.

ఫోన్ తండ్రి ఎత్తాడు. సముద్రం మీద చేపల వేటకు వెళ్లీ వెళ్లీ ముసలివాడైన మనిషి. ఏడవలేదు. కాగితాల సంగతి చెప్పినంతసేపూ ఊ కొట్టి, చివరికి మెల్లగా అన్నాడు.

“మంగళారం ఓడ మీంచి మావోడు ఫోన్ సేసినాడమ్మా. నొప్పి సానా ఉందన్నాడు. కెప్టెన్‌కి గట్టిగా సెప్పరా అన్నాను. అక్కర్లేదు నాన్నా, గురువారం పొద్దున్నకల్లా ఒడ్డున ఉంటామని ఆఫీసులో మేడం ఖాయంగా రాసింది, అందాకా ఓర్సుకుంతాను అన్నాడు. ఆ మేడం మీకు తెలుసా అమ్మా?”

నాగలతకు మేనేజర్ మాట గుర్తుంది. అబద్ధం ఆడితే ఆడవచ్చు, పట్టుకునేవాళ్లు లేరు.

“నేనే,” అంది. “మెల్లగ రమ్మన్నది నేనే. బాగలేదని రాస్తే నేను నమ్మలే.”

తిడతాడని ఎదురుచూసింది. తిట్టి ఉంటే ఎంతో మేలయ్యేది. ముసలాయన తిట్టలేదు.

“సరేనమ్మా. మరి మీకు అన్నీ రాసి పంపుతారు గదా. ఆఖరి రోజున మావోడు ఏవైనా తిన్నాడా? ఎవరైనా పక్కన కూకున్నారా? అదేమైనా రాసినారా?”

నాగలత లాప్‌టాప్ తెరిచింది. ఆ ఓడ మెయిళ్లన్నీ ఒక్కొక్కటే చదివింది. వేగం ఉంది, మిగిలిన ఆయిలు ఉంది, గాలి ఉంది, బొగ్గు బరువు ఉంది. ఆయన ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉన్నాడు.

“రాయలే బాబాయ్,” అంది.