పెదవికి దొరికిన గీత

నిరుడు పెట్టిన మా కరెంటు మగ్గం మీద ఈ రోజు పొద్దున్నుంచి పోగులు తెగుతూనే ఉన్నాయి. దారం మోసే నాడె మీద అనుమానమొచ్చి మిస్త్రీని భవాని పేట్‌లోని మా ఇంటికి పిలిపించాను. ఆయన ఎత్తుపల్లాలు చూపే, గడియారంలా ముల్లున్న గేజ్‌కి చిన్న గుండు మొన బిగించి, నాడె పొడవునా జరిపాడు. ముల్లు కదలలేదు. "బరాబర్ ఉంది" అన్నాడు.

బీడీలు చుడుతున్న మా అమ్మ చాట పక్కన పెట్టి నాడె అందుకుంది. కింది పెదవికి ఆనించి మెల్లగా లాగింది. సగంలో ఆగింది.

"ఇగో, ఈడ గీత ఉంది."

"వేలితోని చూడొచ్చు గద అవ్వా?" అన్నాడు మిస్త్రీ.

"బీడీలు చుట్టి చుట్టి వేళ్లు మొద్దుబారినయ్ బిడ్డా. మొద్దుది గీత మీదికెల్లి దాటిపోతది. నీ గుండు గూడ గంతే."

మిస్త్రీ గుండు తీసి, సూది మొన బిగించి అక్కడే జరిపాడు. ముల్లు ఎగిరిపడింది.

ఆయన డబ్బాలోని మొనలన్నీ అమ్మ ముందు పరిచి, "దేనికి ఏది పెట్టాల్నో చెప్పు అవ్వా" అంటూ నేల మీద కూర్చున్నాడు.

మగ్గం నాదే, నాడె నాదే, గీత మాత్రం నాకు దొరకలేదు. ఇలా పెదవితో చూసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే చెప్పండి. నేనూ వచ్చి నేల మీదే కూర్చుంటాను.