ఆగ్నేయంలో సముద్రం

ముహూర్తాలు ఉత్త నమ్మకాలేనని వ్యాసం రాస్తున్నాను. చివర "దమ్ముంటే ఒక్కటి నిరూపించండి" అని సవాలు విసిరి, దాన్ని చూసుకుని మురిసిపోతుండగా, స్నానాల గదిలో ప్లంబర్ పైపులు అతికిస్తున్న జిగురు ఘాటు ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే చాలు, పొదిలిలో రాఘవయ్య మాస్టారి ముందుగది గుర్తొస్తుంది. మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆయన సైన్సు, నేను తెలుగు. నాకు వాదించడం నేర్పింది ఆయనే.

పదవీ విరమణ చేశాక ఆయన ఇంట్లో ఉప్పునీటి తొట్టె కట్టుకున్నారు. చేపలూ, రొయ్యలూ, సముద్రంలో విరిచినవి కాకుండా తొట్టెల్లో పెంచి అమ్మే, పువ్వుల్లా విచ్చుకునే ప్రాణమున్న పగడాలూ అందులో బతకాలి. తాగేనీళ్ళు ట్యాంకరులో వచ్చే ఊళ్ళో ఈ సముద్రమేమిటని వీధంతా నవ్వింది. పై తొట్టెలో పొంగిన నీళ్ళు గొట్టం గుండా కింది తొట్టెలోకి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారుతో మళ్ళీ పైకెక్కాలి. పైపులన్నీ ఆయనే కోసి అతికించారు. కరెంటు పోతే ఇల్లు మునుగుతుందేమోనని మెయిన్ ఆపి చూశారు. చుక్క కూడా నేలమీద పడలేదు.

గొడవంతా తొట్టె పెట్టిన మూల దగ్గర వచ్చింది. ఆయన అక్క సీతమ్మగారు ఆ ఇంట్లోనే ఉండేవారు. "ఒరేయ్ రాఘవా, ఆగ్నేయం నిప్పుండే మూలరా! నీళ్ళు ఈశాన్యంలో పెట్టుకో" అన్నారావిడ.

"ఈశాన్యంలో కిటికీ ఉందే అక్కా. ఎండ పడి నాచు పట్టుద్ది."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మూఢనమ్మకాల మీద గ్రంథాలయంలో జరిగిన సభలో, "తొట్టె ఆగ్నేయంలోనే పెట్టా. ఏమవుద్దో వచ్చి చూడండి" అని అందరి ముందూ సవాలు చేశారు. హాలంతా చప్పట్లు.

కొద్ది వారాలకే రొయ్యలు చచ్చాయి, పగడాలు ముడుచుకుపోయాయి. "ఏం మాస్టారూ, ఆగ్నేయం పనిచేస్తన్నట్టుందే!" అని గోడ అవతల నుంచి పలకరింపులు. మూఢనమ్మకాలు వద్దని ఉద్యోగమున్నంత కాలం బడిపిల్లలకు ఆయన నూరిపోసిన మాటల విలువ ఇప్పుడు ఆ గాజు తొట్టెలో వేలాడుతోంది.

"జనానికేం చెబుదాం మాస్టారూ?" అని అడిగాను.

"తెలిస్తే చెబుదాం. తెలీకపోతే తెలీదని చెబుదాం. కట్టుకథ మాత్రం వద్దయ్యా. అది వాళ్ళూ చెప్పగలరు."

ఉప్పు సరిగ్గానే ఉంది, వేడీ సరిగ్గానే ఉంది. చివరికి పైపుల బిగింపులన్నీ విప్పి బల్లమీద పరిచారు. కాఫీ తెచ్చిన సీతమ్మగారు వాటిలోంచి ఇత్తడి వాల్వు తీసి చూశారు. లోపల ఆకుపచ్చగా ఉంది.

"ఇదేంట్రా, కళాయి లేని గిన్నెలో పులుసు పోసినట్టు? ఇత్తడికి ఉప్పూ పులుపూ తగిల్తే చిలుమెక్కదూ?"

"పొలం మోటార్లకి పెట్టేదే అక్కా. ప్లాస్టిక్‌ది పగిలిపోద్దని..." అంటూ మాస్టారు సగంలో ఆగిపోయారు. తర్వాత తల పట్టుకుని నవ్వారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఉప్పునీరు దాన్ని తింటుంది. మిరపతోటల్లో తెగుళ్ళు చావడానికి చల్లేది ఆ రాగి మందే కదా! రొయ్యలకూ పగడాలకూ అది విషం.

మళ్ళీ అదే హాల్లో అందర్నీ పిలిచారు. మూల నిర్దోషి అని విజయం చాటుతారనుకున్నాను.

"రొయ్యల్ని చంపింది నేను పెట్టిన వాల్వు. పట్టించింది మా అక్క" అన్నారు మాస్టారు. "ఇంకో మాట. అవి బతికితే వాస్తు అబద్ధమని తేలిపోద్దనుకున్నా. ఒక్క తొట్టె బతికినా చచ్చినా ఏదీ తేలదు. ఆ సవాలే తప్పు."

"అయితే ఓడిపోయినట్టేగా మాస్టారూ?" అన్నారెవరో వెనకనుంచి.

"తొట్టె కట్టడంలో ఓడిపోయా. మళ్ళీ కడతన్నా, రండి."

నీళ్ళు మార్చారు, ప్లాస్టిక్ వాల్వు బిగించారు. అదే మూలలో పగడాలు మెల్లగా విచ్చుకున్నాయి. సీతమ్మగారు వాటి ముందే కుర్చీ వేసుకుని, "ఈశాన్యమైతే ఇంకా బాగా విచ్చుకునేవిరా" అనేవారు. ఆయన నవ్వేవారు.

ఇప్పుడు మాస్టారు లేరు. నా వాదంలో వేడి తగ్గలేదు, తగ్గనివ్వను. కానీ ఎదుటివాడి మూల తప్పని రాసేటప్పుడు, నా పైపులు కూడా విప్పి చూసుకోవాలన్న మాట ఆయన నాలో వదిలి వెళ్ళారు.

"సార్, ఇత్తడి వాల్వు పెట్టమంటారా, ప్లాస్టిక్‌దా?" అని కేకేశాడు ప్లంబర్.

"మంచినీళ్ళేగా, ఏదైనా పర్లేదు" అన్నాను. కలం తీసి, వ్యాసం చివర విసిరిన సవాలు కొట్టేశాను. మిగతా వ్యాసంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.